కొండ మీదికి రెండు జీపులు

భార్య పోయిన ఎలియేసర్‌కూ, పెళ్లి ఊసెత్తని నొయెమికీ కొలంబియాలోని కలార్కా సంతలో రోజూ పొద్దున్నే జీపుల గొడవ.

"నాది యాభై నాలుగు మోడలు. డెబ్బై గుర్రాల బలం. నీ నలభై ఆరుకి అరవయ్యే!" అన్నాడు ఎలియేసర్ ఆ రోజు.

"బలముంటే సరా? నాది తేలికబండి. బురదలో నీది గేదెలా పడుకుంటుంది!"

చివరికి చెరో పది కాఫీ బస్తాలతో కొండమీది చర్చిదాకా పందెం కట్టారు. ఓడినవాళ్లు ఇక జీపుల ఊసెత్తకూడదు.

సగం ఎత్తుదాకా ఎలియేసరే ముందున్నాడు. అక్కడ బురదలో అతని జీపు ఠక్కున ఆగిపోయింది. నొయెమి హారన్ మోగిస్తూ దాటిపోయింది.

కాసేపటికే ఆమె జీపు వెనక్కి దిగివచ్చింది.

"గెలిచేదానివి, ఎందుకొచ్చావ్?"

"నిన్ను బురదలో వదిలేసి గెలుస్తానా? జరుగు."

అతని సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను వెంటనే అందుకుంది.

"నువ్వే ఆపేశావా? గెలిచేవాడివి కదయ్యా!"

"నేను నోరు మూసుకున్నా బతకగలను నొయెమీ. నీ నోరు మూతపడితే నాకు పొద్దెలా గడుస్తుంది?"

ఆమె అతని సీట్లోంచి దిగింది. తర్వాత తన జీపువైపు నడుస్తూ అంది:

"పద. చర్చికి ఇద్దరం కలిసే పోదాం. ఫాదర్ కూడా అక్కడే ఉంటాడు."