తేలు తోక మీద ఉపన్యాసం

ఎండలు ముదిరి అడవి మొత్తానికీ ఒక్క మడుగే మిగిలింది. నీళ్లకొచ్చే తేళ్లు ముందే విషం కక్కేసి రావాలని జంతువులన్నీ ఒప్పందం చేసుకున్నాయి. కక్కేశామని తేళ్లు ఒట్లు పెడుతున్నాయి. నమ్మడమెలా? అందుకే సభ పెట్టి, తేలు తోక మీదే బతుకంతా పరిశోధన చేసిన తొండను పిలిచాయి.

తొండ బండెక్కి గొంతు సవరించుకుంది. తోకకు కణుపులెన్ని, కొండి ఎంత వంపు తిరుగుతుంది, తిత్తిలో విషం ఎలా ఊరుతుంది, అన్నీ విప్పి చెప్పింది. పొద్దు వాలింది. కుందేలు కునికిపాట్లు పడింది.

ముసలి దున్న ఇక ఉండబట్టలేక లేచింది.

"తొండగారూ, మాకు కావలసింది ఒక్క ముక్క. విషమున్న తేలును గుర్తుపట్టేదెలా? రేపు పిల్లల్ని నీళ్లకు పంపాలా, వద్దా?"

తొండకు ఒళ్లు మండింది. ఇంత చదువు చెబితే చివరికి ఈ మోటు ప్రశ్నా!

"పంపాలా వద్దా అన్నది పెద్దలు తేల్చుకోండి. నాది శాస్త్రం. మీ గొడవల్లోకి లాగితే అది మైలపడుతుంది," అంది.

ముందు వరుసలో ఉన్న తేలు పరవశించిపోయింది. "ఆహా! మా తోక గురించి మాకే ఇంత తెలీదు!" అంటూ బండెక్కింది. ఎవరినైనా మెచ్చుకుంటే తోకతో వీపు తట్టడం తేళ్ల మర్యాద. ఆ మర్యాద చేసింది.

తొండ మురిసిపోయి తల ఊపబోయి, గిలగిలా కొట్టుకుంటూ బండ మీంచి జారిపడింది.

దున్న వంగి చూసి సభకేసి తిరిగింది.

"జవాబొచ్చింది. పిల్లల్ని పంపకండి."