గుట్ట దిగని మొగుడు

"నీ మొగుడు ఒప్పుకోందే నేను కత్తి పట్టుకోకూడదు కదిరమ్మా. అది రూలు," అంది డాక్టరు విశాలాక్షి.

బల్ల మీద కూర్చున్న కదిరమ్మ కొంగు చివర చుట్టుకుంటూ విన్నది. పోయిన కాన్పులో నెత్తురు ఆగక చావు గడప దాకా వెళ్లి వచ్చిన మనిషి. ఇంకొక కాన్పు వస్తే బతకదని చెప్పింది విశాలాక్షే. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యమని అడిగింది కదిరమ్మే.

"ఆయప్ప గుట్ట దిగడమ్మా."

"దిగకపోవడమేమిటి? ఒంట్లో బాగాలేదా?"

"ఆయప్పకేం, గట్టిగా ఉండాడు."

"తాగుతాడా?"

"తాగడు, తిట్టడు. నా మీద చెయ్యెత్తింది లేదు."

"మరి పిల్లలు కావాలని పట్టుబడతాడా?"

"ఆయప్ప ఏ పొద్దూ ఏమీ అడగలా. అడిగేటోళ్లు వేరే."

అత్తలూ ఆడబిడ్డలూ అయివుంటారనుకుంది విశాలాక్షి. బందరు నుంచి ఈ కరువు తాలూకాకు బదిలీ అయి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. అయినా అత్తలు ఎక్కడైనా అత్తలే కదా.

నేల తుడుస్తున్న ఆయా హనుమక్క తలెత్తకుండానే అంది. "మీరే పోయి అడగండి డాక్టరమ్మా. ఆయప్ప చేత ఒక మాట పలికిస్తే కోడిని కోసి కూర చేసి పెడతా మీకు."

"అంత పొగరా ఆయనకి?"

"ఊరు ఊరంతా అడిగి చూసినాము. ఎవురికి పలికినాడు?"

ఆ మాటతో విశాలాక్షికి పట్టుదల వచ్చింది. ఒక ఆడదాని ప్రాణం కన్నా ఎక్కువా, ఆ మనిషి మౌనం? కాగితమూ, వేలిముద్రల సిరా డబ్బీ, టార్చిలైటూ సంచిలో వేసుకుంది. పొద్దు వాలే వేళకు కదిరమ్మ వెంట బయలుదేరింది.

వేరుశనగ చేలు మొలకలోనే మాడిపోయి, నేల ఎర్రగా, ఖాళీగా పడి ఉంది. పైన ఒకే ఒక మేఘం, వానకు కాదు, ఊరికే చూసిపోదామని వచ్చినట్టు మెల్లగా జరిగిపోతోంది. దాని నీడ వాళ్ల మీదుగా నడిచి వెళ్లింది. గుట్ట మీది బండలు నెమరు వేస్తూ కునికే పశువుల్లా ఉన్నాయి. ఎక్కే కొద్దీ కింద ఊరు చిన్నదై, పొగలో తేలి, నిజంగా ఉందో లేదో అన్నట్టయింది. విశాలాక్షికి నిద్రలో నడుస్తున్నట్టుంది.

"నీ పెళ్లి ఎప్పుడైంది?"

"నాకు అప్పటికి సరిగ్గా ఊహ తెలీదమ్మా. పసుపు కోక కట్టినారు. అక్షింతలు నెత్తిన పడతాంటే వాన వచ్చిందనుకున్యా. దోసిలి పట్టినా."

"అప్పుడు ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? నన్ను చూస్తా ఉండాడు, అంతే. మంచోడే అనిపించినాది."

"ఇప్పుడు కోపం రాదూ?"

"ఎవురి మీదమ్మా?" అంది కదిరమ్మ. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

కొన మీద రెండు పెద్ద బండల నడుమ ఒక రాతి గది. తలుపు లేదు. గాలి లోపలికి పోయి, ఎవరో నిట్టూర్చినట్టు బయటికి వస్తోంది. ఆముదపు దీపాల వాసన. సందె వెలుగు గడప దగ్గరే ఆగిపోయింది. లోపల ఒక ఆకారం నిలబడి ఉన్నట్టు మాత్రం తెలుస్తోంది.

"చెప్పులు ఈడనే ఇడిచి రాండమ్మా," అంది కదిరమ్మ. కొంగు తల మీదికి లాక్కుని గడప ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "డాక్టరమ్మ వచ్చినాది. నిన్ను ఏదో అడగల్లంట."



విశాలాక్షి గొంతు సవరించుకుంది. "చూడండి, మీ భార్య మంచిది. మీ మీద ఒక్క చాడీ చెప్పలేదు. ఇంకో కాన్పు అయితే ఆమె దక్కదు. పిల్లలు తల్లి లేనివాళ్లవుతారు. మీరు బయటికి రానక్కర్లేదు. సరే అనండి చాలు."

గాలి లోపలికి పోయింది, బయటికి వచ్చింది.

"మీకింత జాలి లేదా?" అంది మళ్లీ. "పోనీ వద్దనే మాటుంటే అదయినా చెప్పండి. వింటున్నాను."

ఆమె నిజంగానే విన్నది. కింద ఎక్కడో మేకలు ఇంటిదారి పట్టిన చప్పుడు. మేఘం అంచు ఎర్రబడి ఆరిపోయింది. కదిరమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించి ఉంది.

విశాలాక్షి సంచిలోంచి కాగితం తీసి బండ మీద పరిచింది.

"కదిరమ్మా, నీ బొటనవేలు ఇలా ఇవ్వు."

"ఆయప్ప వేలు గదమ్మా పెట్టాల్సింది?"

"వద్దనలేదుగా. ఆయన పెట్టాల్సిన చోట నువ్వే పెట్టు. కోసేది నీ ఒళ్లు. అడిగేవాళ్లెవరైనా వస్తే నేను చెప్పుకుంటాను."

కదిరమ్మ వేలు సిరాలో అద్ది, ఊపిరి బిగబట్టి, కాగితం మీద ఒత్తింది. తీసి, ఆ గుర్తును తనది కాదేమో అన్నట్టు చాలాసేపు చూసుకుంది.

"రేపు పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చెయ్," అంది విశాలాక్షి.

"అట్లనేమ్మా."

దిగబోతూ విశాలాక్షి ఆగింది. ఇంత చెప్పినా పలకని ఆ మొండిమనిషి ముఖం ఒక్కసారి చూడాలనిపించింది. టార్చి వెలిగించి గడప లోపలికి పట్టింది.

లోపల నిలబడి ఉన్నది, పేరుకు దేవుడి పెళ్లాం, నిజానికి ఊరి మగాళ్ల సొత్తు అయిన బసివిగా, కదిరమ్మను ఊరు కట్టబెట్టిన రాతి దేవుడు.