గుండీకి స్కాన్

“కనబడలేదంటే అర్థం ఏమిటండీ?” డాక్టరమ్మ గొంతు పెరిగింది.

స్కాన్ కంప్యూటర్ తెర మీద ఒకటే మాట: ‘పరికరం కనబడలేదు.’ ఆ పరికరం ఆవిడ చేతిలోనే ఉంది.

మూత విప్పిన కంప్యూటర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న భర్త తల గోక్కున్నాడు. “పొద్దున కొత్త హార్డ్‌డిస్క్ పెట్టాక బాగానే ఆన్ అయిందే!”

“ఆన్ అయితే సరిపోతుందా? కుక్క పొట్టలో ఏముందో చూపించాలి కదా!”

గుమ్మం దగ్గర దర్జీ కదలకుండా నిలబడ్డాడు. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. పెద్ద మీసాలు, చిన్న గుండె. గుడ్డ తెర కట్టిన మూలలో అతని కుక్క గుండీ మూలుగుతోంది. తొలిచూలు. నిన్నటి నుంచి నొప్పులే తప్ప కాన్పు కావడం లేదు.

“డాక్టరమ్మా, కోసేస్తారా?”

“చేత్తో చూస్తే పిల్ల అడ్డం తిరిగినట్టుంది. నిజంగా తిరిగితే కోయక తప్పదు. తిరక్కపోతే అనవసరంగా కోసి దాని ప్రాణం మీదికి తేవడమే. స్కాన్ చూస్తేగానీ తేలదు.”

“పక్క ఊళ్ళో స్కాన్ ఉందటగా?”

“ఆ గతుకుల్లో అంత దూరం తట్టుకోలేదయ్యా.” ఆవిడ భర్త వైపు తిరిగింది. “ఆ కొత్తది పీకి పారేయండి. పాతదాంతోనే చూస్తాను.”

భర్త స్క్రూడ్రైవరుని అటూ ఇటూ తిప్పాడు.

“ఏవండీ?”

“స్కాన్ ప్రోగ్రామ్ మొత్తం కొత్తదాన్లోకి మార్చేశానోయ్. పాతది... శుభ్రంగా తుడిచేశాను.”

“కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే! డిస్కులో ఖాళీ లేదు, కాస్త చోటు చెయ్యండి అన్నానే గానీ, ఇల్లు ఖాళీ చెయ్యమన్నానా?”

తెర వెనక నుంచి సన్నటి కేక వినిపించింది. డాక్టరమ్మ పరుగున వెళ్ళి తెర పక్కకి తీసింది. గుండీ పళ్ళు బయటపెట్టి గుర్రుమంది.

“మనుషుల్ని చూస్తే బిగుసుకుపోతోంది. తెర వేసి ఉంచుదాం, కాస్త నెమ్మదిస్తుంది. నువ్విలా రావయ్యా, సారుకి టార్చి పట్టు. అక్కడ నిలబడి ఏడిస్తే దానికింకా భయం.”

దర్జీ టార్చి అందుకున్నాడు. మాటిమాటికీ గుండీ వైపు తిరుగుతుంటే కంప్యూటర్ లోపలి వైర్లన్నీ నాట్యం చేస్తున్నట్టు కనబడ్డాయి.

భర్త కేబుల్ ఊడదీసి మళ్ళీ బిగించాడు. లాభం లేదు. ఇంకో కేబుల్ వేశాడు. ఈసారి తెరే వెలగలేదు. పాత కేబుల్ పెట్టాడు. తెర వెలిగింది గానీ లోపల నుంచి కీచుమని శబ్దం.

“చచ్చిందా?” అన్నాడు దర్జీ బిక్కమొహంతో.

“కంప్యూటరేనయ్యా, కంగారుపడకు,” అంది డాక్టరమ్మ. కంగారు ఆవిడ గొంతులోనే ఎక్కువగా ఉంది.

ముప్పావుగంట తంటాలు పడ్డాక భర్త సెట్టింగుల పేజీ తెరిచి పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చాడు. ఉన్నట్టుండి తొడ చరిచాడు. “దొరికింది! డిస్కు కోసం నేనొక చిన్న కార్డు పెట్టానా? అదీ, నీ స్కాన్ కార్డూ ఒకే నెంబరు పట్టుకుని కూర్చున్నాయి. ఒక ఒరలో రెండు కత్తులు! ఇది మాట్లాడుతుంటే అది మూగబోతోంది.”

“మరి విడదీయండి!”

“అదే చేస్తున్నా. దీన్ని ఈ గాడిలోంచి తీసి ఆ చివరి గాడిలో... టార్చి ఇటు! ఇటయ్యా, నా కళ్ళలోకి కాదు!”

స్క్రూ జారి లోపల పడింది. ముగ్గురి తలలూ ఒకేసారి వంగి ఠంగుమని కొట్టుకున్నాయి. డాక్టరమ్మ శస్త్రచికిత్స పటకారుతో స్క్రూని పైకి తీసింది. అప్పుడే దర్జీ బిగుసుకుపోయాడు.

“డాక్టరమ్మా, గుండీ మూలగడం లేదు.”

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. డాక్టరమ్మ తెర వైపు రెండడుగులు వేసింది. వెంటనే లోపల నుంచి గుర్రుమని గట్టిగా వినిపించింది.

“హమ్మయ్య! ఓపిక ఉంది. ఇంక దగ్గరికెళ్ళి బెదరగొట్టొద్దు. మీరు కానివ్వండి, త్వరగా!”

భర్త కార్డుని చివరి గాడిలో నొక్కాడు. అది టక్కున కూర్చుంది. స్విచ్ నొక్కాడు. తెర నల్లగా అయింది, నీలంగా మారింది. ముగ్గురూ దాని మీదికి వంగారు.

‘పరికరం సిద్ధం.’

డాక్టరమ్మ గబగబా జెల్ రాసుకుని పరికరాన్ని సొంత అరచేతికి ఆనించింది. తెర మీద బూడిదరంగు చారలు కదిలాయి. అవి అరచేతి ఎముకలు. ఒక్కొక్కటీ గీత గీసినట్టు కనబడుతున్నాయి.

“వచ్చేసింది! ఎప్పుడైనా ఇంత స్పష్టంగా వచ్చిందా అసలు!” ఆవిడ చిన్నపిల్లలా గెంతింది. భర్త స్క్రూడ్రైవరు గాల్లోకి ఎగరేసి పట్టుకోలేకపోయాడు. దర్జీ టార్చి ఆర్పడం మర్చిపోయి ఆయన్ని కౌగిలించుకున్నాడు.

“చూశావా, మెకానిక్ ఎందుకోయ్ మనకి!” అన్నాడు భర్త రొమ్ము విరుచుకుని.

“తర్వాత పొగుడుకుందురు గానీ, ముందు బల్ల తుడవండి. నువ్వు గుండీని తీసుకురావయ్యా. నీకైతే లొంగుతుంది. మెల్లిగా ఎత్తు, పొట్ట నొక్కకు!”

దర్జీ కళ్ళు తుడుచుకుని తెర వెనక్కి వెళ్ళాడు. ఇవతల భర్త బల్ల తుడిచాడు. డాక్టరమ్మ తొడుగులు వేసుకుంది, కత్తెరలు సర్దింది, పరికరం పట్టుకుని నిలబడింది. అతను ఎంతకీ రాలేదు.

“ఏమయిందయ్యా? పలకవేం?”

తెర సందులోంచి మీసాలు మాత్రం బయటికి వచ్చాయి.

“డాక్టరమ్మా... ముందు ఎవర్ని తెమ్మంటారు? గుండీనా, దాని నలుగురు పిల్లల్నా?”