సాలెగూడు లేని చేను

"ఆగండే! ఒక్కళ్ళు కూడా చేలో కాలు పెట్టమాకండి."

మేస్త్రి ప్రేమమ్మ కేకకి ముఠాలోని ఆడవాళ్ళందరూ గట్టు మీదే ఆగిపోయారు. మిరప కోతకి ఒడి కట్టుకుంటున్న రెబెకా కూడా ఆగింది. వారం రోజులు వినుకొండ పక్క కోతలు చేసి, తెల్లవారుజామున ఆటోలు దిగి, ఇళ్ళ మొహం కూడా చూడకుండా నేరుగా ఇక్కడికే వచ్చారంతా. రెబెకా నిన్ననే వినుకొండలో ముఠాతో కలిసింది. ఆమెకి ఈ ఊరు కొత్త, మనుషులు కొత్త, ప్రేమమ్మ పద్ధతులు మరీ కొత్త.

చేను విరగపండి ఎర్రగా ఉంది. తూర్పున మబ్బు లేస్తోంది. కాయ పండిన వేళ మబ్బుకంటే పాపిష్టి చుట్టం ఇంకొకటి ఉండదు. చేను ఆసామి మరియదాసు కల్లం దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"మళ్ళీ ఏమొచ్చింది నీకు?"

"సాలెగూళ్ళేవయ్యా?" అంది ప్రేమమ్మ.

"పొద్దున్నే ఇదేం గోల? నువ్వు కొయ్యాల్సింది కాయలా, సాలెగూళ్ళా?"

"ఆ పక్కకి చూడు."

పక్కది గౌస్ బాషా చేను. గట్టు మీద మోకాలెత్తు గడ్డి, చేను చుట్టూ రెండు వరసల జొన్న. మొక్కకీ మొక్కకీ మధ్య అల్లుకున్న సాలెగూళ్ళు మంచుకి తడిసి తెల్లగా కనిపిస్తున్నాయి. మరియదాసు చేలో ఒక్క పోగు లేదు. గట్లు గుండు గీయించినట్టున్నాయి.

"గడ్డిమందు కొట్టి గట్లు బాగు చేశాను. గడ్డితో పాటు పురుగులూ పోయాయి. అంతేగాని చేలో మందు కొట్టి నెల దాటింది" అన్నాడు మరియదాసు.

"నెల దాటితే పక్క గట్టు మీంచి నాలుగన్నా ఇటు పాకొచ్చేవి. మేం ఊళ్ళో లేని వారం చూసి కొట్టావు. అవునా, కాదా?"

"వానొచ్చేస్తోంది, ముందు దిగండమ్మా" అని బతిమాలాడు మరియదాసు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కరీమున్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెబెకాకి ఒళ్ళు మండింది. ఒక మనిషి చేను ముందు నిలబడి బతిమాలుతుంటే వీళ్ళకి నవ్వెలా వస్తోంది?

"ఏందక్కా ఈవిడ పంతం? తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళా?" అని కరీమున్ చెవిలో గొణిగింది.

కరీమున్ మొహంలో నవ్వు పోయింది. "నిరుడు ఒక చేలో దిగాం. మందు కొట్టలేదని ఆసామి ఒట్టేశాడు. మధ్యాహ్నానికి మా నస్రత్ నోట నురగతో పడిపోయింది. బతికింది గానీ, ఇప్పటికీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతాయి. అప్పట్నుంచి ప్రేమక్క మనుషుల మాట నమ్మదు. సాలెపురుగు బతకని చోట మనమెట్లా బతుకుతామే అంటది."

అవతల మరియదాసు దాపరికం వదిలేశాడు.

"అవును, కొట్టాను. మొన్ననే కొట్టాను! తామరపురుగు పూతంతా నాకేస్తుంటే చూస్తూ కూర్చోనా? వాన పడిందంటే కాయంతా తెల్లబడి తాలయిపోద్ది. ఈ చేనుకి నేను చేసిన చాకిరీ నీకు తెలీదా?"

"తెలుసు. అందరికంటే నాకే ఎక్కువ తెలుసు." ప్రేమమ్మ తన ఒడి ముడి విప్పేసింది. "అయినా దిగం."

"ఎవరి చేనైనా ఇంతేనా?"

"ఎవరి చేనైనా ఇంతే. ఇవాళ నీకోసం దిగితే రేపు ఊరందరికీ దిగాలి."

రెబెకా ఇక ఆగలేకపోయింది. కోతకి మనుషులు దొరక్క, వానకి రాలిన కాయల మధ్య వాళ్ళ నాన్న కూడా ఒకసారి ఇలాగే నిలబడ్డాడు. ఆ మొహం ఆమె మర్చిపోలేదు.

"నేను కోస్తానక్కా. నాకేం కాదు" అంటూ చేలోకి అడుగేసింది.

ప్రేమమ్మ ఆమె రెక్క పట్టుకుని గట్టు మీదికి లాగేసింది. "నస్రత్ కూడా అదే మాట అంది. నా ముఠాలో ఉన్నంతసేపు నీ ప్రాణం నా పూచీ."

"వేరే ముఠాని తెచ్చుకుంటా!" అని అరిచాడు మరియదాసు.

"తెచ్చుకో. మొన్ననే మందు కొట్టావని వాళ్ళకీ నేనే చెప్తా. ముందు ఆ చొక్కా విప్పి ఒళ్ళు కడుక్కో, మందు కంపు కొడుతున్నావు. ఇకనన్నా గట్ల మీద గడ్డి మొలవనీ. చుట్టూ జొన్న పెట్టు. సాలెపురుగులు వాటంతటవే వస్తాయి. వాటి వెనకాలే మేమూ వస్తాం."

ముఠా వెనక్కి తిరిగింది. డొంక దారి ఎక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. మరియదాసు తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. రెబెకా నాలుగడుగులకోసారి తిరిగి చూస్తూనే ఉంది. ప్రేమమ్మ ఒక్కసారి కూడా చూడలేదు. కొంగుతో మొహం మాత్రం తుడుచుకుంది. వాన చినుకులు కాబోలు అనుకుంది రెబెకా.

కడుపులో మాట దాచుకోవడం ఆమెకి చేతకాదు. గబగబా నడిచి ప్రేమమ్మని అందుకుంది.

"నీది గుండె కాదక్కా, బండ! ఆ చేనునే నమ్ముకున్నాడు ఆయన. ఈ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలుగుద్దా?"

"ఎందుకు వెలగదే?" ప్రేమమ్మ నడక ఆపకుండానే అంది.

"ఆ పొయ్యి వెలిగించేది నేనే."