మూడో గుండు

మొదటి తోపుగుండు ఊరు దాటి జొన్నచేలో పడింది.

నలభై ఎనిమిది సెప్టెంబరు. దొర గడిలో రజాకార్లు, పెన్‌గంగ ఏటి అవతల హిందుస్తాన్ ఫౌజు తోపులు. నడుమ ఊరు అడకత్తెరలో పోకచెక్క అయింది. జనమంతా జొన్నలు దాచుకునే పాతర్లలోకి దిగిపోయారు.

మొండయ్య దిగలేదు. కోడలు అనసూర్యకు నెలలు నిండాయి. పాతర మూతి ఇరుకు, ఆమె దిగలేదు. ఆమెను ఇంట్లోనే పడుకోబెట్టి, దిక్కు తోచక బయట తిరుగుతున్నాడు.

అంతలో చింతచెట్టు మీద ఏదో తళుక్కుమంది.

సూదులు, పూసలు అమ్ముకునే మనిషి. నాలుగు రోజులుగా ఊళ్ళో తిరుగుతున్నాడు. కొమ్మ మీద కూర్చుని, ఏటి దిక్కు అద్దం తిప్పుతున్నాడు.

కాసేపటికే రెండో గుండు వచ్చింది. ఈసారి ఊరికి ఇవతల, ఏటి ఒడ్డున పశువుల కొట్టం ఎగిరిపోయింది.

ఆ మనిషి మళ్ళీ అద్దం ఎత్తాడు.

భయం పట్టినవాడికి తాడూ పామే. మొండయ్య ఉరికి, అతని కాలు పట్టి కిందికి గుంజాడు. అద్దం లాక్కుని బండకేసి కొట్టాడు.

"గీ అద్దంతోని తోపులను పిలుస్తున్నవారా?"

"ఎంత పని చేసినవ్ పటేలా." అతని ముఖం పాలిపోయింది. "రెండు గుండ్లూ గడికి ఎడమ దిక్కు పడ్డయి. జర కుడికి జరుపుమని చెప్తున్న. ఇంకో అద్దం ఉన్నదా?"

"నోరు ముయ్యి."

"ఒకటి దూరం పడ్డది, ఒకటి దగ్గర పడ్డది. ఇగ నడుమకు కొడ్తరు. గా నడుమ ఎవరున్నరు?"

మొండయ్య చేను దిక్కు చూశాడు. కొట్టం దిక్కు చూశాడు. రెంటికీ సరిగ్గా నడుమ తన ఇల్లుంది.

"నా కోడలు, గా ఇంట్ల," అన్నాడు. "నెలలు నిండినయ్."

అతను ఉరికాడు. తప్పించుకు పోతున్నాడనుకుని మొండయ్య రాయి విసిరాడు. వీపుకు తగిలింది. అయినా అతను ఆగలేదు.

మూడో గుండు ఇంటి మీదనే పడింది.

దుమ్ములో తడుముకుంటూ మొండయ్య ఇంటి వెనక్కి వెళ్ళాడు. ఎరువు గుంతలోంచి అనసూర్య ఏడుపు వినబడింది.

"గా సూదులమ్మేటాయన నన్ను గీడ పండవెట్టి, మీద అడ్డం పన్నడు మామా. ఎంత లేపినా లేస్తలేడు."

పొద్దు వాలకముందే ఫౌజు ఊళ్ళోకి వచ్చింది. సిపాయిలు ఆ శవాన్ని చూసి టోపీలు తీశారు.

మొండయ్య ఉండబట్టలేక తెలుగు తెలిసిన చాందా దిక్కు సిపాయినొకణ్ణి అడిగాడు. "మా ఇండ్ల మీద కొట్టుమని మీకు ఎవ్వలు చెప్పిండ్రు?"

"మా తోపుల సుబేదార్ సాబు. 'రెండు గుండ్లు పడ్డంక నా అద్దం జాడ లేకుంటె నేను సచ్చినట్టే, మూడోది రెండిటి నడుమకు కొట్టుండ్రి' అని, గీ ఊళ్ళెకు పోయేటప్పుడు హుకుం ఇచ్చి పోయిండు."

"ఏడున్నడు గాయన?"

సిపాయి వంగి శవం ముఖం మీది మట్టి తుడిచాడు.

"గీయననే," అన్నాడు.