మలుపులో మామగారు

"తాతగారు ఎక్కడమ్మా?" అంటూ ఇంజనీరు పరుగున వచ్చి గేటు పట్టుకున్నాడు. వెనకాల సందు మలుపులో, డ్రైవరు లేకుండా తనంతట తనే నడిచే కారు ఆగిపోయి ఉంది. లోపల పెద్ద అధికారులు చెమటలు తుడుచుకుంటున్నారు.

"మా మామగారా? జలుబు చేసి పడుకున్నారు. ఏం, ఆయనేం చేశారు?" కోడలు కంగారుపడింది.

"ఏం చెయ్యలేదమ్మా, అదే చిక్కు! రోడ్డు మ్యాపు కోసం మేం ఎన్నిసార్లు వచ్చినా, ఆయన ఈ మలుపులో కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చునే ఉన్నారు. మా యంత్రం ఆయన్ని స్తంభం అనుకుని మ్యాపులో ఎక్కించేసింది. ఇప్పుడు స్తంభం కనబడక, దారి తప్పాననుకుని కారు మొండికేసింది."

కోడలికి నవ్వాగలేదు. "దారికి అడ్డమని రోజూ ఆయన మీద కేకలేస్తానండీ!"

"ఆయనుంటేనే దారమ్మా. కాస్త పిలవండి."

మామగారు తుమ్ముతూ కుర్చీ మోసుకొచ్చి మలుపులో కూర్చున్నారు. కారు బుద్ధిగా కదిలి, ఆయన పక్కనుంచి తిరిగి వెళ్ళిపోయింది. ఇంజనీరు ఆయనకో దండం పెట్టి దాని వెనకే పరుగెత్తాడు.

"ఇక లోపలికి రండి మామయ్యా."

"ఎలా వస్తానమ్మా? అది మళ్ళీ ఇటే రావాలి కదా!"

కోడలు లోపలికెళ్ళి గొడుగు తెచ్చి, ఆయన నెత్తి మీద పట్టుకుని నిలబడింది.

ఆయన అదిరిపడ్డారు. "తియ్యమ్మా ఆ గొడుగు! కారు నన్ను గుర్తుపట్టొద్దూ?"