మచ్చను దాచని కెమెరా

ఆ రోజుల్లో ప్రతి ఫోను కెమెరా ముఖాలకు తనంతట తానే మెరుగులు దిద్దేది. వీడియో కాల్లో చూసే డాక్టరుగారి తెర మీదా అంతే. లాస్య బుగ్గ మీది తెల్లమచ్చను తల్లి పద్మిని చూపించబోతే, "నాకేం కనపడటం లేదమ్మా. మీరు చెప్పారని మందు రాస్తున్నా" అన్నాడాయన.

మందు పనిచేస్తోందా? రోజూ చూసే కళ్ళకు తేడా తెలియడం లేదు.

పద్మిని అటక మీంచి పాత రీలు కెమెరా దించింది. మచ్చ పక్కన కొలతకు ఒక బొట్టుబిళ్ల అంటించింది. కన్నంలోంచి చూస్తూ, రెండు బొమ్మలుగా చీలి కనిపిస్తున్న బుగ్గ ఒకటయ్యేదాకా ఫోకస్ రింగు తిప్పి బటన్ నొక్కింది. మూడు నెలలాగి, అదే కిటికీ దగ్గర, అదే సైజు బిళ్లతో మళ్ళీ నొక్కింది. లోపల రీలు సరిగ్గా చుట్టుకుందో లేదోనని రీలు కడిగించడానికి స్టూడియోకి వెళ్ళేదాకా ఒకటే బెంగ.

రెండు ఫొటోలూ వచ్చాయి. మొదటిదాంట్లో మచ్చ బిళ్లకు రెండింతలుంది. రెండోదాంట్లో బిళ్ల చాటున దాగేంతే మిగిలింది. పద్మిని అక్కడి బల్ల మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఫోన్లో అసలు మచ్చే లేదు కదమ్మా. దాన్ని నమ్మవు, దీన్ని నమ్ముతావా?" అంది లాస్య.

"ఉందని ఒప్పుకుంది ఇదొక్కటేనే. తగ్గిందని ఇది చెబితేనే నమ్ముతా."